నా ఎదుగుదల, ఆవిడ నడుం

యోగా టీచర్ ట్రైనింగ్‌లో చేరేముందు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: మీరు టీచర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నారు? పెద్దగా ఆలోచించకుండా "వ్యక్తిగత ఎదుగుదల కోసం" అని రాసేశాను. పన్నెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసినవాణ్ణి, ఏటా అప్రైజల్ ఫారాలు నింపి నింపి అలవాటైనవాణ్ణి. ఆ జవాబులో తప్పేమైనా ఉందేమోనని అప్పుడు తట్టలేదు.

మాది హైదరాబాద్‌లో, శని ఆదివారాల్లో జరిగే 200 గంటల కోర్సు. ఈ 200 అన్న లెక్క పతంజలి చెప్పింది కాదు. అమెరికాలో 1999లో మొదలైన యోగా అలయన్స్ అనే సంస్థ పెట్టిన ప్రమాణం. ఇప్పుడు రిషీకేశ్‌లో అయినా, కొండాపూర్‌లో అయినా చాలా కోర్సులకి అదే కొలత. ఆసనాలు, ప్రాణాయామం, శరీర నిర్మాణం, కొంచెం తత్వం, చివర్లో టీచింగ్ ప్రాక్టీస్. ఆ ప్రాక్టీస్‌లో ఒకళ్లు టీచర్, మిగతావాళ్లు విద్యార్థులు.

నా వంతు వచ్చిన శనివారం పశ్చిమోత్తానాసనం చెప్తున్నాను. కాళ్లు చాపుకుని కూర్చుని ముందుకి వంగడం. మా బ్యాచ్‌లో అందరికంటే పెద్దావిడ, రిటైరైన తెలుగు టీచర్ ఒకరున్నారు. ఆవిడ చేతులు పాదాలకి జానెడు దూరంలో ఆగిపోయాయి. వెనక నుంచి వీపు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కాను. ఇంకొంచెం వంగారు. నాకు భలే అనిపించింది, చేతిలో ఏదో విద్య ఉన్నట్టు.

మర్నాడు ఆవిడ రాలేదు. తర్వాతి శనివారం వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నారు. నడుం పట్టేసిందట. "నొప్పిగా ఉందని అప్పుడే చెప్పాల్సింది మేడమ్" అన్నాను. "నువ్వు నేర్చుకుంటున్నావు కదా నాన్నా, మధ్యలో ఆపితే ఏం బావుంటుందని ఊరుకున్నా" అన్నారు.

ఆవిడ కోప్పడి ఉంటే సారీ చెప్పి మర్చిపోయేవాణ్ణేమో. నా ఎదుగుదల కోసం ఆవిడ నొప్పి ఓర్చుకున్నారు, నన్ను అడక్కుండానే. నేనూ ఆవిణ్ణి అడగలేదు. మా ఆఫీసులో కొత్త కోడ్‌ని నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టనివ్వరు. ముందు టెస్ట్ సర్వర్ ఉంటుంది, తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. అరవయ్యేళ్ల నడుంకి ఆ సౌకర్యం లేదు.

మరి ఎవరి మీదా నేర్చుకోకుండా ఎవరైనా టీచర్ అవుతారా? అవ్వరు. డాక్టరైనా, డ్రైవరైనా, బళ్లో పంతులైనా మొదటిరోజు ఎవరో ఒకరి మీద నేర్చుకోవాల్సిందే. కాబట్టి నేర్చుకోవడమే తప్పని నేననను. అవతలి మనిషికి ఆ సంగతి తెలుసా, "ఆపు" అనే వీలు నిజంగా ఉందా అన్నదే నన్ను తొలిచే ప్రశ్న. టీచర్ స్థానంలో ఉన్నవాడి ముందు ఆ మాట నోటికి రావడం కష్టం. మర్యాద అడ్డొస్తుంది. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినావిడకే రాలేదు.

పతంజలి అష్టాంగాల్లో ఆసనం మూడోది. దాని గురించి చెప్పినవి మూడే సూత్రాలు. మొదటిది యమం, అందులో మొదటి మాట అహింస, రెండోది సత్యం. పరీక్ష కోసం ఇవన్నీ వరసగా బట్టీపట్టినవాణ్ణే. అహింస అంటే మాంసం మానెయ్యడం గురించి అనుకున్నాను గానీ, నా అరచెయ్యి గురించి అనుకోలేదు.

టి.కె.వి. దేశికాచార్ కూడా ఇంజినీరింగ్ చదివినవాడే. తండ్రి కృష్ణమాచార్య అంతటి గురువైనా, కొడుక్కి మొదట్లో యోగా మీద ఆసక్తి లేదు. ఒకరోజు ఒక విదేశీ మహిళ వచ్చి, అందరూ చూస్తుండగా ఆయన తండ్రిని సంతోషంతో కౌగిలించుకుంది. ఆయన దగ్గర నేర్చుకున్నాక చాన్నాళ్లకి మందుల్లేకుండా నిద్రపట్టిందట. అది చూశాక తండ్రి దగ్గర శిష్యుడిగా చేరాడు. మనిషిని బట్టి సాధన మారాలి తప్ప సాధన కోసం మనిషిని వంచకూడదన్నది ఆ తండ్రీకొడుకుల పద్ధతి. ఈ కథ ఇదివరకే చదివాను. ఒక ఇంజినీరు ఉద్యోగం మానేసి తనని తాను కనుక్కున్న కథగా చదివాను. నిద్రపట్టిన ఆవిడ నాకు గుర్తేలేదు.

చివరి ప్రాక్టీస్‌లో మేడమ్ మళ్లీ నా క్లాసులోనే ఉన్నారు, కుర్చీలో. ఎవర్నీ ముట్టుకోనని ముందే చెప్పాను. "మీకేం వీలవుతుంది?" అని అడిగాను. చేతులు పైకెత్తడం వీలవుతుందన్నారు. కాబట్టి క్లాసంతా చేతులెత్తి, దించి, ఊపిరి చూసుకుంటూ గడిపాం. అనుకున్న ఆసనాల్లో సగం కూడా అవ్వలేదు. వరస పూర్తిచెయ్యలేదని మార్కులు తగ్గాయి.

ఎదిగానా లేదా అంటే నాకు తెలీదు. ఆరోజు ఇంటికెళ్లాక ఆవిడ నడుం మాత్రం నొప్పెట్టలేదట.