ధర్మకర్త యెవడు, లబ్ధిదారు డెవడు?



దానము గొప్పదని చెప్పుటకు నేనీ వేదికపై నిలువలేదు. ఆ మాట మీరెరుగనిది కాదు. ఇచ్చువా డెవడు, పుచ్చుకొనువా డెవడు, ఆ యిరువురి నడుమనున్న సంబంధ మెట్టిది అని విచారించుటకే మీ యవధానమును కోరుచున్నాను. ఈ విచారమునందు దారి తప్పితిమేని మన దానము బీదవాని కడుపు నింపియు వాని తల వంచును. సరిగా తెలిసికొంటిమేని పిడికెడు బియ్యమైనను వానిని నిటారుగా నిలువబెట్టును.

మొదట మన కలిమి యెక్కడిదో చూతము. మన మునగపాక శారదానది నీటిని, చెరకు పంటను నమ్ముకొన్న సీమలోని గ్రామము. చెరకు గానుగలో నాడి, రసము పెనమున కాగి, పాకము ముదిరి, దిమ్మయై అనకాపల్లి మార్కెట్టు చేరునప్పటికి దానిపై నెందరి చేతులు పడినవో యెంచి చూడుడు. చెరకు కొట్టినవా డొకడు. మోపు మోసినది యొకతె. ఎండిన పిప్పిని పొయ్యిలోనికి ఎగదోయుచు ఆ సెగకు ముఖము మాడ్చుకొన్నవా డింకొకడు. సొమ్ము మాత్ర మొక్కని పేర పడును. ఆ యొక్కడు దొంగ యని నేననను. పొలము నతనిదే, పెట్టుబడి నతనిదే, నష్టము వచ్చిన భరింపవలసినవాడు నతడే. అయినను వానయు, మట్టియు, చెరకులోని తీపియు నతడు చేసినవి కావు. అవి పరమేశ్వరుని సొమ్ము.

నేను న్యాయవాదిని గావున నాకు తెలిసిన భాషలోనే చెప్పుదును. ఒకడు తన యాస్తిని పసిబిడ్డల కొరకు మరియొకని చేతిలో నుంచును. అట్లు చేతిలో నుంచుకొన్నవానికి మన భాషలో ధర్మకర్త యని చక్కని పేరు కలదు. ఎవరి కొరకు ఉంచబడినదో వారు లబ్ధిదారులు. 1882వ సంవత్సరపు ట్రస్టుల చట్టము ప్రకారము ధర్మకర్త ఆ సొమ్మును స్వలాభమునకు వాడుకొనరాదు. స్పష్టమైన లెక్కలు వ్రాయవలెను. లబ్ధిదా రడిగిన చూపవలెను. ఆ చట్టము ప్రైవేటు ట్రస్టులకే గాని ధర్మసంస్థలకు వర్తింపదు. కాని దానిలోని న్యాయము వర్తింపని చోటు లేదు. పసివాని సొమ్ములోనుండి పసివానికే నెలనెల భోజనపు ఖర్చిచ్చుచు, ‘నేను మహాదాతను’ అని చాటుకొను ధర్మకర్తను చూచి న్యాయస్థానము నవ్వదా? మన స్థితియు నదియే. ఇచ్చినవాడు దేవుడు, మనము ధర్మకర్తలము, ఆధారము లేని బిడ్డ లబ్ధిదారు. ఆ బిడ్డ మన గుమ్మమున నిలిచినప్పుడు యాచించుటకు రాలేదు. తన లెక్క చూచుకొనుటకు వచ్చినాడు.

ఇది నోటిమాటగా విడువక ఆచరించి చూపినవారు మన యాంధ్రదేశముననే కలరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన నాటినుండి, ఆశ్రయము కోరివచ్చిన స్త్రీల భారము కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటిమీదను, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి చేతులమీదను పడినది. ఒక్క యింటి దయ ఆ యింటివారితోనే యంతరించును. దానికి మందు సంస్థ యొక్కటే. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1919లో వారు గతించిరి, సమాజము నిలిచినది. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, పిఠాపురము మహారాజా సూర్యారావుగారి యండతో, అనాథలను చేరదీసిరి. అస్పృశ్యులనబడిన బాలుర చదువునకు తాము పూనుకొనిరి. గోదావరీ తీరమున లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు ఏ వేళ నెవరు వచ్చినను అన్నము పెట్టిరి. వీరిలో నొక్కరును ‘నీవు మావాడవా?’ అని ముందుగ నడిగి పిదప వడ్డింపలేదు.

ఇచట కొందరు, ‘బడిలో మధ్యాహ్న భోజనమును, చదువును ప్రభుత్వమే యిచ్చుచున్నది, ఇక మన పని యేమి?’ అందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు ఉచిత విద్యను హక్కుగా నిచ్చినది. పదునాలుగు నిండిన మరునాటి మాట యేమి? పదవతరగతి ముగించి, అనకాపల్లి కళాశాలలో చేరుటకు ఖర్చు లేక యింట కూర్చున్న బాలికకు ఆ వేసవిలోనే పెండ్లిమాటలు మొదలగును. ఆ ఖర్చు మన పండుగ విందులో పారవేయు విస్తళ్లపాటి చేయదు. ఒక బాలిక జీవితమంతయు నా కొద్దిపాటి సొమ్ముమీద తూగుచున్నదని మనకు తెలియకపోవుటయే మన దోషము.

మరియొకటి వినుడు. 2024 ఆగస్టు 21న మన పొరుగుననే, అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలిలోని యొక ఔషధ కర్మాగారమున సంభవించిన ప్రమాదములో 17 మంది ప్రాణములు కోల్పోయిరి. ప్రభుత్వము పరిహారము ప్రకటించినది, అది న్యాయము. కాని పరిహారము ఇంటికి చేరునే గాని యింటివాడు చేరడు. ఇట్టి యే ప్రమాదమున నైనను, పోయినవాని బిడ్డను బడికి తోడుకొనిపోవువా డెవడు? కాగితములు చదివి వినిపించువా డెవడు? వచ్చిన సొమ్మును బంధువులు పంచుకొనిపోకుండ తల్లి ప్రక్కన నిలుచువా డెవడు? చట్టము ధనము నీయగలదు, పొరుగువాని నీయజాలదు. ఆ పొరుగువాడు మనమే కావలెను.

‘ఇచ్చినకొలది సోమరులగుదురు’ అనువారికి ఒక్క మాటతో చాలును: బిడ్డకు పుస్తక మిచ్చుట వలన సోమరి యగువాడు లేడు, లేకుండుట వలన కూలికి పోవువాడు కలడు.

కావున మన గ్రామమున నొక సహాయనిధి యేర్పడవలెను. గానుగకాలమున ఇంటికొక దిమ్మ వెల, కూలికుటుంబమువారు తోచినంత. నూకాలమ్మవారి జాతరనాడు చేయు వ్యయములో నొక భాగము. కాని నాలుగు నియమములు తప్పరాదు. కుల మడుగరాదు. ఇచ్చునప్పుడు బిడ్డను నిలువబెట్టి ఛాయాచిత్రము తీయరాదు. ఆ చిత్రము దాతకు ఒకనాటి ముచ్చట, బిడ్డకు బడిలో నేండ్లతరబడి తలవంపు. ఏటేట లెక్కలు వ్రాసి పంచాయతి గోడపై నంటింపవలెను. అందు ఇచ్చినవారి పేరులుండవచ్చును గాని పుచ్చుకొన్నవారి పేరులుండరాదు. సాయము పండుగకొకమారు గాక నెలనెల సాగవలెను; ఆకలికి పండుగలు లేవు గదా.

ఓ పరమేశ్వరా, నీవు మాకిచ్చినదానిని మాదని భ్రమపడుచున్నాము. మా చేతిలోని లెక్కను నీవొకనాడు తప్పక చూచెదవు. ఆనాడు మా గ్రామపు బిడ్డలే మాకు సాక్షులగుదురు. వారు మాకు విరోధముగ చెప్పకుండునట్లు నేడే మా చేతులను విప్పుము; విప్పిన చేతికి వినయము నిమ్ము. ఓం శాంతిః శాంతిః శాంతిః.