చెంబెడు నీళ్ళు

నీళ్ళు లేకపోతే మొక్క చచ్చిపోతుందని చిన్నప్పటినుంచీ అందరికీ తెలుసు. నీళ్ళు ఎక్కువైనా చచ్చిపోతుందంటే మాత్రం నమ్మబుద్ధి కాదు, అందులోనూ మన ఆడవాళ్ళకి. మనిషి గుమ్మంలోకి రాగానే మంచినీళ్ళు, కూర్చోగానే కాఫీ, లేవబోతే "భోంచేసి వెళ్ళండి" - ఇలా అలవాటు పడ్డ చేతులు మనవి. ఊరుకోవడం కూడా ఒక ఉపచారమే అని ఎవరైనా అంటే, అదెక్కడి వేదాంతమండీ అంటాం.

మా వరండాలో పెపరోమియా అని ఒక మొక్క ఉంది. పేరు విని కంగారు పడకండి, మన తమలపాకుకీ మిరియాలకీ దగ్గర చుట్టమే. రుయిజ్, పావోన్ అనే ఇద్దరు స్పెయిన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు 1794లో దీనికి "మిరియంలాంటిది" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇందులో వెయ్యికి పైగా రకాలున్నాయి. మా ఇంట్లోది దక్షిణ అమెరికా అడవులది. గుండ్రటి ఆకుమీద అచ్చం పుచ్చకాయ తొక్కలాగే వెండి చారలు, ఎర్రటి కాడలు. జానెడుకి మించి పెద్దగా పెరగదు. ఒక ఆకుని కాడతో సహా తుంచి తడిమట్టిలో గుచ్చితే కొన్ని వారాలకి దాని మొదట్లోంచి పిల్లమొక్క లేస్తుంది. అంత మొండిది.

ఈ జాతి మొక్కలు చాలావరకు చెట్ల మానులమీదా, రాళ్ళ సందుల్లోనూ, రాలి కుళ్ళిన ఆకుల్లోనూ బతుకుతాయి. అందుకే వేళ్ళు చిన్నవి. కావలసిన నీళ్ళు దళసరి ఆకుల్లోనే దాచుకుంటాయి. అడుగున చిల్లున్న చిన్న కుండీ, గుల్లగా ఉండే మట్టి, నేరుగా ఎండ పడని వెలుతురు చాలు. పైమట్టి ఆరాకే నీళ్ళు.

ఆరనిస్తేగా! మా ఇంట్లో దానికి నలుగురు సంరక్షకులు. పనమ్మాయి వరండా కడుగుతూ ఓ చెంబెడు, మా అత్తగారు బియ్యం కడిగిన నీళ్ళు, మావారు పేపరు చదవడం అయ్యాక గ్లాసులో మిగిలినవి, సాయంత్రం కాలేజీనుంచి వచ్చి మా అమ్మాయి. ఎవరికి వాళ్ళు తామొక్కళ్ళే పట్టించుకుంటున్నామనుకునేవారు! మొక్క తలవాల్చింది. "అయ్యో, దాహమేస్తోందేమో" అని నలుగురూ ఇంకాస్త పోశారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. వేళ్ళకి గాలి కావాలి. మట్టిలో ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతే వేళ్ళకి ఊపిరాడదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని లాగలేదు. దాంతో బురదలో నిలబడ్డ మొక్క కూడా ఎండలో మాడినదానిలాగే వాడుతుంది. ఆకుని చూసి తేడా చెప్పడం కష్టం. మనకి తెలిసిన వైద్యమేమో ఒక్కటే, చెంబు.

మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. కంటి ఆపరేషనయ్యాక రెండు నెలలు మా తమ్ముడింట్లో ఉంది. మా మరదలు బంగారంలాంటి పిల్ల, ఆవిణ్ణి పూచికపుల్ల కూడా తియ్యనివ్వలేదు. అమ్మ తిండి తగ్గించింది, మాట తగ్గించింది. నీరసమని టానిక్కులు తెచ్చారు, అన్నం కలిపి చేతికిచ్చారు. ఆవిడ ఇంకా వాడిపోయింది. చివరికి పోట్లాడి ఊరికి వెళ్ళిపోయి, వారం తిరక్కుండా డాబామీద గుమ్మడి వడియాలు పెట్టింది.

కథ అక్కడ ఆపేస్తే హాయిగానే ఉంటుంది. "పెద్దవాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యాలి" అని ముక్తాయించి లేచిపోవచ్చు. కానీ వదిలెయ్యడమనేది పిల్లలకి ఎంత సుఖమైన ధర్మమో చూశారా? ఖర్చు లేదు, శ్రమ లేదు, పైగా ఆవిడ స్వేచ్ఛని గౌరవిస్తున్నామన్న పేరు. అందులో గౌరవమెంత, మన సౌకర్యమెంత అని తూచి చెప్పే త్రాసేదీ? తమ్ముడు ఆవిణ్ణి తీసుకొచ్చేద్దామంటే నేను వద్దంటున్నాను. ఇద్దరిలో ఎవరిది ప్రేమ, ఎవరిది స్వార్థం? మీరే చెప్పండి.

మా ఊళ్ళో తమలపాకు తోటలుండేవి. అవిశె చెట్లకి తీగలు పాకించేవారు. పెపరోమియాలా కాదు, తమలపాకుకి నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. అయినా నీళ్ళు నిలవకూడదు. నీళ్ళు పెట్టడానికి ఎంత శ్రద్ధో, తీసెయ్యడానికీ అంతే. రైతు పొద్దున్నే కాలువల వెంట తిరుగుతూ మట్టి పట్టి చూసేవాడు.

మట్టి పట్టి చూడాలంటే మనిషి అక్కడ ఉండాలి కదా! కుండీ అయితే పైమట్టిలో వేలు పెట్టి చూస్తాను, లేదా ఎత్తి చూస్తాను. తేలిగ్గా ఉంటే నీళ్ళు, బరువుగా ఉంటే ఊరుకోవడం. అమ్మ దగ్గర ఏం చూడను? ఫోనులో రోజూ "బాగానే ఉన్నానే" అంటుంది. ఆ మాట వాడిన ఆకులాంటిదే, దాన్నిబట్టి ఏమీ తెలియదు. వెళ్ళినప్పుడు మాత్రల అట్టలో ఎన్ని మిగిలాయో లెక్కపెడతాను. నూనె డబ్బా వాడకం చూస్తాను. పెరటి మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందా అని, ఆవిడ చూడకుండా చూస్తాను. పోయినసారి పట్టుకుంది. అంతకుముందు పట్టుకునేది కాదు.

గోడకి ఒక పట్టుకమ్మీ బిగిస్తే చాలునా, మనిషినే తీసుకురావాలా? తమ్ముడికింకా ఈ సంగతి చెప్పలేదు, చెబితే రేపే కారేసుకుని బయలుదేరతాడు. వచ్చే నెల నేనే వెళ్ళి పదిరోజులు ఉందామనుకుంటున్నాను. టిక్కెట్టింకా తియ్యలేదు. ముందు ఆవిణ్ణి అడగాలి కదా.