ఆరుబయట పరిచే తివాచీ

డాబా మీదకో బాల్కనీలోకో తివాచీ కొనేవాళ్లు ముందుగా మందం పట్టి చూస్తారు. మందంగా ఉంటే మన్నుతుందని నమ్మకం. నట్టింట్లో అది నిజమే కావచ్చు. ఆరుబయట మాత్రం మన్నికను తేల్చేది అది ఎంత త్వరగా ఆరుతుందన్నదే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల నేత ఎంత గట్టిదైనా అది నూలు, తడిని పీల్చుకుంటుంది. ముసురు పట్టి నాలుగు రోజులు ఆరకపోతే ముందు ముక్కవాసన, తర్వాత మడతల్లో నల్లటి బూజు చుక్కలు. జనపనారదీ అదే గతి. కొబ్బరి పీచులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి కొంత తట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు నీటిని దాదాపు పీల్చనే పీల్చదు. అయితే అడుగున రబ్బరు పొర ఉంటే ఆ సుగుణం వృథా: నీళ్లు కింద నిలిచి గచ్చు పాకుడు పడుతుంది.

ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి పొడిగా రాలదా అంటే, రాలుతుంది. అందుకే అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రసాయనం కలిపారో లేదో అడగాలి. తివాచీని తిరగేసి చూడండి. రంగు పైవైపే ఉంటే అది అచ్చు వేసింది, త్వరగా వెలుస్తుంది. పోగు తీసేటప్పుడే కలిపిన రంగు నిలుస్తుంది. పర్యావరణం మాటేమిటనే ప్రశ్న న్యాయమైనదే. జల్లు కొట్టని, పైకప్పున్న వరండాకు ప్లాస్టిక్ ఎందుకు? అక్కడ జంపఖానాయే అందం. ఎండావానా నేరుగా పడే చోట మాత్రం ఏటా చివికిపోయే నూలును కొని పారేయడం కూడా వృథాయే. దుకాణంలో చెంబెడు నీళ్లు పోసి చూపమంటే యజమాని నొసలు చిట్లించవచ్చు. అడగడంలో తప్పేం లేదు.