అనుమానం ప్రమాణమయ్యే చోటు

తెలుగు వాడుకలో అనుమానం అంటే సందేహం. న్యాయదర్శనమనే తర్కశాస్త్రంలో అదే మాటకు, కనబడే గుర్తును పట్టుకుని కనబడని దాన్ని నిశ్చయించే ప్రమాణం, అనగా యథార్థజ్ఞానానికి సాధనం, అని అర్థం. ఒకే పదం నిశ్చయం లేకపోవడాన్నీ నిశ్చయాన్ని కలిగించే సాధనాన్నీ చెప్పడం భాషలో జరిగిన చిన్న జారుపాటు అనిపించవచ్చు గాని, మొదటిది రెండవదిగా ఎప్పుడు మారుతుందన్నదే తార్కికులు తరతరాలుగా వాదించిన ప్రశ్న.

మద్రాసు చింతాద్రిపేటలోనూ, కూవం నది ఆవలి ఒడ్డున పాత బళ్లను విప్పి విడిభాగాలమ్మే పుదుపేటలోనూ ఈ ప్రశ్న గ్రంథాల్లోది కాదు, మెకానిక్‌ది. బలం పెంచడానికి మార్పులు చేసిన టర్బో కారు ఒకటి నీలిపొగ వదులుతూ వచ్చినప్పుడు, లోపలి అరుగుదల ఎవరి కంటికీ కనబడదు. కనబడేది పొగ ఒక్కటే. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివినవారికి ఇది తెలిసిన ఘట్టమే. అక్కడ కొండమీది పొగ హేతువు, అంటే గుర్తు. నిప్పు సాధ్యం, అంటే తేల్చవలసినది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న తప్పని సంబంధం వ్యాప్తి. అది వంటింట్లో పదేపదే చూసి గ్రహించినది.

నీలిపొగకు ఆయిలు కాలడంతో వ్యాప్తి ఉంది, కాని పిస్టన్ రింగుల అరుగుదలతో లేదు. వాల్వు సీళ్లు గట్టిపడినా, నిమిషానికి లక్ష చుట్లకు మించి పలుచని ఆయిలు పొరపై తిరిగే టర్బో ఇరుసు దగ్గర కారినా అదే పొగ వస్తుంది. సాధ్యం లేనిచోట కూడా కనబడే ఇలాంటి హేతువును తార్కికులు సవ్యభిచారం, అనగా దారితప్పే హేతువు, అన్నారు. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది: రింగులు అరిగి, మండిన వాయువు క్రాంకుగదిలోకి దిగితే, అక్కడి ఒత్తిడి టర్బో నుంచి ఆయిలు కిందికి జారనివ్వక సీళ్ల గుండా బయటికి తోస్తుంది, అప్పుడు టర్బో నిజంగానే పొగ వదులుతుంది గాని దోషం దానిది కాదు, కొత్తది బిగించినా పొగ ఆగదు.

అందుకే అన్వయవ్యతిరేకాలు, అంటే ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండటాన్నీ లేనప్పుడు లేకపోవడాన్నీ సరిచూడటం, అవసరమవుతాయి. కంప్రెషన్ తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగినప్పుడు తప్పు రింగులదనీ, పెరగనప్పుడు వాల్వులదో గ్యాస్కెట్‌దో అనీ తేలుతుంది. పిస్టన్‌ను పైకొసన, వాల్వులు మూసుకున్న స్థితిలో నిలిపి గాలి ఎక్కించి, అది ఎటు పోతోందో వినడం మరో పద్ధతి: ఆయిలు మూత దగ్గర బుస వినబడితే రింగులు, సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్టు వాల్వు, రేడియేటరులో బుడగలొస్తే గ్యాస్కెట్. ఉండదగిన కారణాలను ఒక్కొక్కటిగా తొలగించి మిగిలినదాన్ని నిలబెట్టే ఈ పరిశేషపద్ధతి, ఇంజను విప్పి చూసే ప్రత్యక్షం కంటే తక్కువది కాదు. విప్పితే కలిసి ఒరుసుకుని కుదురుకున్న భాగాల పొందిక చెదురుతుంది కూడా.

మార్పుచేసిన ఇంజను దగ్గర అసలు పరీక్ష ఎదురయ్యేది ఉపాధి విషయంలో. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందనడానికి పచ్చికట్టె అనే అదనపు షరతు కావాలి. సాధ్యాన్ని ఎన్నడూ విడవక, హేతువుతో మాత్రం కొన్నిచోట్ల లేని అటువంటి షరతే ఉపాధి. కంప్రెషన్ తక్కువ కనుక అరిగిందనే వాదంలో, ఆ ఇంజను కట్టినప్పుడు చూపిన అంకె కంటే తగ్గడం ఉపాధి. టర్బో ఒత్తిడి తట్టుకోవడానికి కంప్రెషన్ నిష్పత్తి తగ్గించినా, వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేసినా, అరుగుదల లేకుండానే అంకె తక్కువగా ఉంటుంది. వేడికి ఎక్కువ సాగే ఫోర్జుడు పిస్టన్లకు సందు ఎక్కువ వదలాలి కనుక, చల్లగా ఉన్నప్పుడు అవి టకటకమనడం కూడా రోగం కాదు. కంపెనీ ఇంజన్లను చూసి నేర్చిన వ్యాప్తి ఇక్కడ చెల్లదు.

కొన్ని సందర్భాల్లో చూసినంత మాత్రాన వ్యాప్తి అన్నిచోట్లా నిజమని ఎలా తెలుసునని, ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని చార్వాకులు అడిగారు. శంక, శంకించేవాడి నడవడికే విరుద్ధమైనచోట ఆగిపోతుందని నైయాయికుడైన ఉదయనాచార్యుడు సమాధానమిచ్చాడు. ఆ సమాధానం సార్వత్రికమైన శంకకు చాలినదే. కాని తనవంటిది మరొకటి లేని ఇంజనుకు సజాతీయమైన దృష్టాంతం, అంటే ఒప్పుకున్న ఉదాహరణ, దాని గత స్థితి ఒక్కటే. కట్టిన రోజు కొలతలు రాసిపెట్టి ఉంటే అది దొరుకుతుంది. ఆ రాత లేకుండా చేతులు మారి వచ్చిన ఇంజను విషయంలో, కంప్రెషన్ అంకెలే ఆధారమైతే, నాలుగు సిలిండర్ల అంకెలు ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయన్నంతవరకే మెకానిక్ నిశ్చయంగా చెప్పగలడు. నాలుగూ సమానంగా తక్కువగా ఉన్నప్పుడు, అది కట్టిన తీరా అరుగుదలా అన్నదానికి అతడు తెలుగు వాడుకలోని అర్థంలో అనుమానమనే చెప్పవలసి ఉంటుంది.