తగ్గింపు ధర హేతువు కాగలదా?

మన్నిక అనేది రాబోయే కాలంలో బయటపడే గుణం కనుక కొనే క్షణంలో అది కంటికి కనిపించదు; కనిపించేవి రంగు, కుట్టు, బ్రాండు చీటీ, ఆ చీటీ మీది ఎమ్మార్పీ, దాన్ని కొట్టేసి రాసిన తగ్గింపు ధర మాత్రమే. పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి దాకా సాగే ముంబై హైవే పక్కన, పారిశ్రామికవాడలోని బట్టల దుకాణంలో పేరున్న డిజైనర్ జీన్సును సగం ధరకు చేతిలోకి తీసుకున్న షిఫ్టు కార్మికుడి ముందు నిలిచేది, నిజానికి, భారతీయ తర్కశాస్త్రం శతాబ్దాలుగా చర్చించిన ప్రశ్నే: కనిపించే గుర్తును బట్టి కనిపించని గుణాన్ని ఎంతవరకు నిశ్చయించవచ్చు?

తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ప్రకారం అనుమానం, అంటే ఊహించి తెలుసుకోవడం, వ్యాప్తి మీద ఆధారపడుతుంది. హేతువు, అంటే కనిపించే గుర్తు, ఉన్న ప్రతిచోటా సాధ్యం, అంటే నిశ్చయించవలసిన గుణం, కూడా తప్పక ఉండటమే వ్యాప్తి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎందుకంటే పొగ రావాలంటే తడి కట్టె కూడా కావాలి. ఇలా చాటున ఉండి వ్యాప్తిని చెడగొట్టే షరతును ఉపాధి అంటారు. ‘ధర ఎక్కువ కాబట్టి గట్టిది’ అనే వాదంలోనూ అటువంటి ఉపాధి ఉంది: ఆ డబ్బు బట్టకూ కుట్టుకూ ఖర్చై ఉండాలి. ప్రకటనలకూ షోరూము అద్దెకూ పోయిన డబ్బు పోగును గట్టిపరచదు. ‘తగ్గించారు కాబట్టి నాసిరకం’ అనే ఎదురు వాదమూ అంతే లోపభూయిష్ఠం, ఎందుకంటే సీజను మారడం, సైజులు మిగిలిపోవడం, ఎగుమతి ఆర్డరులో చిన్న కుట్టు తప్పు దొరలడం, మొదటి నుంచీ తగ్గింపు దుకాణాల కోసమే చవక బట్టతో కుట్టించడం, వీటిలో ఏది కారణమైనా చీటీ ఒకేలా ఉంటుంది. ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారం, అంటే సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువు, అని తోసిపుచ్చారు. చట్టం దృష్టిలోనూ ఎమ్మార్పీ ఇంతకు మించి అమ్మరాదని చెబుతుందే తప్ప సరుకు అంత విలువ చేస్తుందని హామీ ఇవ్వదు.

మరి నమ్మదగిన హేతువులు ఎక్కడున్నాయంటే, ప్యాంటును తిరగేస్తే లోపలి వైపున ఉన్నాయి. డెనిమ్‌లో పడుగు నూలుకు నీలిమందు రంగు వేసి, పేకను తెల్లగానే వదిలి, ఏటవాలు గీతలు వచ్చేలా నేస్తారు. చదరపు గజానికి 12 నుంచి 14 ఔన్సులు, అంటే చదరపు మీటరుకు సుమారు 400 నుంచి 475 గ్రాములు తూగే బట్టను దళసరి అనవచ్చు. మొదట చిరిగేది చాలావరకు తొడల మధ్య, నాలుగు కుట్లు కలిసే చోట. అక్కడ బట్ట అంచులు రెండూ ఒకదానిలో ఒకటి మడిచి జంట కుట్టు వేశారా, లేక ఓవర్‌లాక్‌తో సరిపెట్టారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది. జేబు లోపలి గుడ్డ పలచగా ఉంటే తాళంచెవులే దానికి చిల్లు పెడతాయి. జేబు మూలలకు రాగి రివెట్లు బిగించే పద్ధతికి జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ 1873లో అమెరికాలో పేటెంటు పొందింది కూడా కూలీల జేబులు చిరిగిపోతున్నందుకే. తడి రుమాలుతో రుద్దితే నీలం అంటింది కాబట్టి నకిలీ అనుకునేవారూ ఉన్నారు. నీలిమందు నూలు పైపొరనే పట్టుకుంటుంది కనుక అసలైన డెనిమ్ రంగు కూడా అంటుకుంటుంది, కాబట్టి ఇదీ సవ్యభిచారమే.

శబ్దప్రమాణం, అంటే ఆప్తుడి మాట, ఇక్కడ పూర్తిగా నిరుపయోగం కాదు. అయితే విషయం ఉన్నది ఉన్నట్టు తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. అమ్మేవాడికి తెలిసినా చెప్పే అవసరం లేకపోవచ్చు. జిప్పులు మార్చి, రఫూ చేసి బతికే వీధి చివరి దర్జీకి మాత్రం ఏ రకం ఎక్కడ చిరుగుతుందో రోజూ కనిపిస్తుంది, పైగా ఫలానాది కొనమనడం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు.

కళ్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా పేరొందిన పటాన్‌చెరు జైన కేంద్రం కూడా కనుక, వస్తువును ఒక్క దృష్టితో తేల్చరాదన్న జైనుల అనేకాంతవాదాన్ని ఇక్కడ తలచుకోవడం అసందర్భం కాదు. మే నెల ఎండలో బాయిలర్ పక్కన నిలబడేవాడికి 14 ఔన్సుల బట్ట మన్నిక దృష్టితో మేలైనదే కాని ధరించే దృష్టితో శిక్ష.

అన్నిటికన్నా విడ్డూరమైనది కొత్త బట్టను పాతదిగా చూపే డిజైనర్ జీన్సు. రాళ్ళతో, ఎంజైములతో అరగదీసి, మోకాళ్ళ దగ్గర రుద్ది తెచ్చిన ఆ వెలిసిన అందం కోసం కొనేవాడు మన్నికలో కొంత ముందే పోగొట్టుకుంటాడు. ఇసుకను వేగంగా చిమ్మి రంగు పోగొట్టే పద్ధతి కార్మికుల ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి చేరే సిలికోసిస్ వ్యాధికి కారణమైనందున టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. దుమ్ము, రసాయనాల మధ్య పనిచేసే పారిశ్రామికవాడ కొనుగోలుదారుడికి, మన్నిక లెక్కన చూసినా ధర్మం లెక్కన చూసినా, ఎంత తగ్గించి ఇచ్చినా అలా అరగదీసిన జీన్సు కొనదగినది కాదు; లోపలి కుట్టు గట్టిగా ఉన్న సాదా ముదురు నీలం జీన్సే, దాని మీద ఏ పేరున్నా, కొనదగినది.