ఒక్క జీబీ పారాయణం

చదువుకున్నవాటిలో మంచిదేదో చెప్పమని తండ్రి అడిగితే, భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తొమ్మిది భక్తిమార్గాలు వివరిస్తాడు. అన్నింటికంటే ముందు శ్రవణాన్ని నిలబెడతాడు. కీర్తన, అర్చన, ఆత్మనివేదనం వంటివన్నీ ఆ తరువాతే. తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నవాడు కదా, వినికిడి విలువ అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఆ మొదటి మెట్టు మన పల్లెల్లో ఎంతోమంది చేతికందేలా చేసిన వస్తువు ఒకటుంది. పాటలు పాడే తొలినాటి సెల్‌ఫోను. సోనీ ఎరిక్సన్ 2005లో వాక్‌మన్ పేరుతో డబ్ల్యూ800 తెచ్చింది. 2006లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం మొదలైంది. ఆ తరువాత కొన్నేళ్లకు వచ్చిన 5130 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్‌కు పక్క అంచున పాటల కోసమే మీటలుండేవి. కొనగలిగినవాళ్లు అవి కొన్నారు. లేనివాళ్లు పెద్ద స్పీకర్లున్న చైనా సెట్లు కొన్నారు. మా తెనాలి ప్రాంతంలో, కొల్లూరు వైపు ఇటుక బట్టీల దగ్గరా, పోతార్లంక, పెసర్లంక పొలాల్లో పసుపు తవ్వే రోజుల్లోనూ కొంగున ముడేసుకున్న సెల్లులోంచి ఘంటసాల గొంతు వినిపించడం ఆ రోజుల్లో మామూలైపోయింది.

అంతకుముందు దేవుడి పాట ఊరికంతటికీ కలిపి వచ్చేది. ధనుర్మాసంలో గుడి మైకు, తెల్లవారుజామున విజయవాడ రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన భక్తిరంజని. ఆ వేళకు మనం మేలుకుని ఉండాలి, వాళ్లు వేసిందే వినాలి. తెల్లారకముందే పడవెక్కి లంకకు వెళ్లే కూలీ మనిషికి ఆ వేళ కుదరదు. సెల్లు వచ్చాక ఆమెకు కుదిరిన వేళే శ్రవణ సమయమైంది. దీన్ని నేను చిన్న మేలుగా చూడను.

యంత్రం పాడితే విన్నది శ్రవణమవుతుందా, అదీ పని చేసుకుంటూ వింటే, అని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పేవారు. వారికి భాగవతంలోనే సమాధానం ఉంది. దశమ స్కంధంలో మథుర స్త్రీలు గొల్లభామల అదృష్టాన్ని పొగుడుతారు. పాలు పితుకుతూ, వడ్లు దంచుతూ, పెరుగు చిలుకుతూ, ఇల్లు అలుకుతూ కృష్ణుణ్ణే పాడుకుంటారని వాళ్ల పొగడ్త. చేతికి పనున్నా మనసు అక్కడుంటే చాలునని వ్యాసుడే ఒప్పుకున్నాడు. ఇక పసుపు ఉడకబెడుతూ సుందరకాండ వినే తల్లికి తక్కువేమిటి? పైగా ఆ సుందరకాండ పాడిన ఎం.ఎస్. రామారావు పరాయివాడేం కాదు. ఇక్కడికి దగ్గర్లోనే అమృతలూరు మండలంలో ఉన్న మోపర్రులో 1921లో పుట్టినవాడు. సినిమాల్లో పాడి పేరు తెచ్చుకుని, చివరికి హనుమంతుణ్ణి పాడుకుంటూ సుందరదాసుగా మిగిలాడు.

ఆ ఫోన్ల గొప్పతనం పాటలు పాడటంలోనే ఉందనుకుంటే సగమే చూసినట్టు. వాటిలో చోటు తక్కువ. ఎంపీ3 పాట నిమిషానికి ఇంచుమించు ఒక ఎంబీ తీసుకునేది. ఒక్క జీబీ మెమరీ కార్డులో సుమారు పదిహేడు గంటల పాటలు పట్టేవి, ఫొటోలుంటే అదీ తగ్గేది. అందుకే తెనాలిలోనో కొల్లూరులోనో సెల్లు షాపులో పాటలెక్కించుకోవడానికి కూర్చున్న ప్రతి మనిషికీ ఒక ప్రశ్న ఎదురయ్యేది. “పిన్నిగారూ, కార్డు నిండిపోయింది. ఏం తీసెయ్యమంటారు?” కుర్రాడు మామూలుగా అడిగే మాటే. కానీ ఒక సాధకుడు రోజూ తనను తాను అడగవలసిన ప్రశ్న అది. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి?

ఘంటసాల కూడా ఆ పనే చేశారు. గీతలో 700 శ్లోకాలుంటే వాటిలో కొన్నిటిని ఏరి, తెలుగు తాత్పర్యం చేర్చి పాడారు. 1974 ఫిబ్రవరిలో ఆయన వెళ్లిపోయాక ఆ రికార్డు బయటికొచ్చింది. ఏరిన ఆ కొద్ది శ్లోకాలే అక్షరం రాని తెలుగువాళ్ల నోట కూడా నిలిచాయి.

కార్డులో ఉన్నవి కొన్నే కాబట్టి అవే మళ్లీ మళ్లీ వినేవారు. నిన్నటి గీతే ఇవాళ, రేపు కూడా అదే. అలా వినగా వినగా ఒకనాడు సెల్లు ఆపినా లోపల పాట ఆగదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను వినాలని, మననం చేయాలని, నిదిధ్యాసనం చేయాలని చెప్పాడు. విన్నదాన్ని మననానికి చేర్చే దారి ఆ తిరిగి తిరిగి వినడమే. మన ముందుతరాలు దాన్నే పారాయణం అని పాటించాయి. పరీక్షిత్తుకు ఏడు రోజుల గడువే ఉంది, వినడానికి శుకుడు చెప్పే కథ ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ పూర్తిగా విన్నాడు, తరించాడు.

ఇప్పుడు మన ఫోనులో చోటుకు కొదవ లేదు. వేళ్ల కొసన వేల ప్రవచనాలు, వందమంది పాడిన అదే చాలీసా. ఒకటి సగం వినేలోపు ఇంకొకటి పిలుస్తుంది, వేలు అటు జరుగుతుంది. దీనివల్ల మనం నష్టపోతున్నామన్నది నా గట్టి నమ్మకం. అందుబాటు పెరిగింది, ఆలకింపు తగ్గింది. గంగలా పారే నీళ్లున్నా దోసిలి పట్టకపోతే దాహం తీరదు.

అందుకని పాఠకులకు నా మనవి ఒకటే. పాత ఫోను వెతకనక్కర్లేదు. చేతిలో ఉన్నదానిలోనే మీకు నచ్చిన స్తోత్రమో కాండమో గీతాధ్యాయమో ఒక్కటి ఎంచుకోండి. మండలం రోజులు, మధ్యలో మార్చకుండా, మొదటినుంచి చివరిదాకా అదే వినండి. ఇంట్లో చదువురాని పెద్దలుంటే వాళ్లకు ముందు పెట్టి ఇవ్వండి, పక్కన కూర్చుని మీరూ వినండి.