వేచి పొందిన వేణువు

చిరకాలము కోరిన వస్తువు చేతికందినపుడు మనుజునకు కలుగు ఆనందము దేనినుండి పుట్టుచున్నది? ఆ వస్తువునుండియా, దానికై గడపిన కాలమునుండియా? ఒక కోరిక తీరినంతనే మరియొకటి తలయెత్తుననియు, కావున ప్రాప్తివలని సంతోషము క్షణికమనియు మన పెద్దలు హెచ్చరించిరి. ఈ మాట చాలవరకు సత్యమే. కాని ప్రాప్తులన్నియు ఒక్క తీరువి కావు. ఈ భేదమును తెలిసికొనుటకు ఐర్లండు దేశపు కొయ్యవేణువు చక్కని నిదర్శనము.

ఆ వేణువును మన పిల్లనగ్రోవివలెనే అడ్డముగా పట్టి, ఆరు రంధ్రములను వ్రేళ్లతో మూయుచు తెరచుచు వాయింతురు. అయితే వెదురునకు బోలుదనము ప్రకృతి యిచ్చినది. కొయ్యకు దానిని మనుష్యుడు కల్పింపవలయును. ఇందులకు విరివిగా వాడునది ఆఫ్రికా ఖండపు నల్లకొయ్య. అది నీట మునుగునంతటి బరువు గలది. ఆ చెట్టు ఎదుగుటకే పలు దశాబ్దములు పట్టును. కోసిన కొయ్యను చాలకాలము ఆరనిత్తురు. పిదప తరిమెన పట్టి, నడుమ సన్నగా తొలిచి, మరల కొంతకాలము విడిచిపెట్టుదురు. కొయ్య తనలోని బిగువును సడలించుకొనిన పిమ్మటనే, లోపలి దారిని కొనవైపు క్రమముగా సన్నగిల్లునట్లు తీర్చుదురు. పేరుపొందిన పనివారి యొద్ద వేణువు కోరినవాడు ఏండ్లకొలది వేచియుండుట కద్దు. కొలది చేతులతో సాగు పని యగుటయు, కొయ్య తొందరపాటును సహింపకుండుటయు ఇందులకు కారణములు.

వేచియుండువారు రెండు విధములు. దినములు లెక్కించుచు విసుగుచెందువాడొకడు. ఆ లోపల చవుకయైన రేకు ఈలపై పాటలు నేర్చుకొనువాడు మరియొకడు. ఆ ఈలకును ఆరు రంధ్రములే, వ్రేళ్ల పోకడయు ఇంచుమించు అదియే. వేణువు చేరిననాడు ఇరువురును సంతసింతురు. కాని మొదటివాని సంతోషము పెట్టె తెరచుటతో ముగియును. రెండవవానిది అప్పుడే ఆరంభమగును.

ఏలనన, క్రొత్త వేణువు చేతికి వచ్చినను తనను వెంటనే అప్పగించుకొనదు. తొలిదినములలో కొన్ని నిమిషములకు మించి వాయింపరాదు. ఊపిరిలోని తడికి లోపలి కొయ్య ఉబ్బి, వెలుపలిది పొడిగా నున్నచో బీటలువారును. వాయించిన పిదప తడి తుడువవలయును. అప్పుడప్పుడు బాదము నూనె పలుచగా పూయవలయును. ఏండ్లు వేచినవానిని అది మరల వేచియుండుమనును. అయినను అతని ముఖమున ఆనందము తగ్గదు. తాను పొందినది భోగవస్తువు కాక సాధనకు అధికారమని అతడెరుగును. పొందుటతో ముగియు కోరిక తృష్ణ. పొందిన పిదప మనకు పని కల్పించు కోరిక శ్రద్ధ. పెద్దల హెచ్చరిక మొదటిదానికే చెల్లును.

ఈ వాద్యము చరిత్రయు ఈ మాటనే బలపరచుచున్నది. 1847లో జర్మనుడైన థియొబాల్డ్ బోమ్ మీటల యేర్పాటుగల లోహవేణువును రూపొందించెను. కాలక్రమమున కచేరీలవారు దానిని చేపట్టగా, పాత కొయ్యవేణువులు చవుకయై ఐర్లండు పల్లెవాసుల చేతబడినవి. స్లైగో, లైట్రిమ్, రాస్‌కామన్ మండలములు వానికి నెలవులైనవి. స్వదేశము విడిచినవారును ఆ సంగీతమును విడువలేదు. కార్కు మండలమున 1848లో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1901 నుండి 1905 వరకు షికాగో నగర పోలీసు అధిపతిగా నుండెను. స్వయముగా వేణువాదకుడైన ఆయన, తోడి ప్రవాసులనుండి సేకరించిన వరుసలు చేర్చి, 1850 వరుసలతో ఒక గ్రంథమును 1903లో వెలువరించెను.

ఇతర భాషల నడుమ తరతరములుగా స్థిరపడిన మనకు ఇందొక ప్రబోధము కలదు. మన పిల్లలకు తెలుగు పుట్టుకతో లభించిన ఆస్తియని తలచి ఊరకుందుము. వాయింపక పెట్టెలో దాచిన వేణువు మన సొత్తే యగును గాని, పాట పలుకదు. దినమునకు కొన్ని నిమిషములు చదువు, కొన్ని మాటలు, ఒక పద్యము — ఇంతమాత్రముతో మొదలిడవచ్చును. చిరకాలము కోరినది లభించినవాడు ధన్యుడే; లభించినదానిని ప్రతిదినము మరల సంపాదించుకొనువాడు అంతకంటెను ధన్యుడు.